వెనకొచ్చేవాళ్ళ గిన్నె

మౌలాలి చేతిలో డబ్బు నిలిచేది కాదు.

సంపాదన లేకనా అంటే, అదేం కాదు. గుత్తి బస్టాండు వెనక టైలరు షాపులో అతను తొక్కే మిషను చప్పుడు పొద్దుటి నుంచి దీపాల వేళదాకా ఆగేది కాదు. చొక్కా కాలరు కుట్టడంలో తిరిగిన చెయ్యి. పెళ్ళిళ్ళ కాలంలో జనం షాపు పేరు మరిచిపోయి మౌలాలి పేరు చెప్పుకుని వచ్చేవాళ్ళు. మిషను షాపువాళ్ళది కాబట్టి కుట్టుకూలిలో సగం యజమానికి పోయేది, మిగతా సగం ఏ రోజుది ఆ రోజు మౌలాలి చేతికొచ్చేది. ఆ సగంతోనే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నిబ్బరంగా బతకొచ్చు. నాలుగు రాళ్ళు వెనకేసుకోవచ్చు కూడా.

కానీ షాపుకూ ఇంటికీ మధ్యన ఒక హోటలుంది. చిక్కంతా అక్కడ.

మౌలాలిది ఎముక లేని చెయ్యి. హోటల్లో అతను కూర్చున్న బల్ల దగ్గర ఇంకొకడు జేబులో చెయ్యి పెడితే అతనికి తలకొట్టేసినట్టుండేది. లేచి ఆ మనిషి మణికట్టు పట్టుకుని మరీ ఆపేవాడు. టీలు అయ్యాక బజ్జీలు, బజ్జీలు అయ్యాక కిళ్ళీలు. అంతలో ఎవరికో పత్తికొండ బస్సు చార్జీకి తక్కువ పడేది. ఇంకెవరి మేనల్లుడికో సినిమా చూడాలని ఉండేది. అన్నీ చిన్నచిన్నవే. ఏ ఒక్కదానికీ ఇల్లు కూలదు. ఇక తాగుడా, పేకాటా? ఆ జోలికే పోడు. అట్లాంటిదేదైనా ఉంటే పెళ్ళాం కుల్లాయమ్మకు కనీసం తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది, పాపం అదీ లేదు.

అన్నీ అయ్యాక మిగిలింది ఇంటికి తెచ్చేవాడు. ఒక్కోనాడు మిగిలేది, ఒక్కోనాడు మిగిలేది కాదు. మిగలని రోజు చెప్పులు విడుస్తూ, "ఈపొద్దు మిగల్లేదే" అనేవాడు.

"పోనీలే, రేపు చూస్తాంలే" అనేది కుల్లాయమ్మ. ఆ మాట ఎంత అలవాటైపోయిందంటే, అనేటప్పుడు చేతిలో పని కూడా ఆపేది కాదు.

ఆమె చేతిలో పనంటే షాపునుంచి వచ్చిన చొక్కాలకు గుండీలు కుట్టడం, అంచులు మడిచి చేతికుట్టు వెయ్యడం. కిటికీ కింద కూర్చుని, వెలుతురు ఎటు జరిగితే అటు జరుగుతూ కుట్టేది. నిజానికి ఆమెకు జాకెట్లు కుట్టడం బాగా వచ్చు. పుట్టింట్లో పక్కింటివాళ్ళ మిషను మీద నేర్చుకుంది. ఇంట్లో ఒక మిషనుంటే ఇద్దరూ కుట్టొచ్చు, కుట్టిందాంట్లో ఎవరికీ సగం ఇవ్వనక్కర్లేదు, ఇది ఆమె లెక్క. పెళ్ళయినప్పటి నుంచి ఆమె నోరు తెరిచి అడిగింది ఆ ఒక్కటే.

దేవుడు దారి కూడా చూపించాడు. కోటవీధిలో ఎర్రిస్వామి అని ముసలి టైలరు ఒకాయన ఉండేవాడు. కళ్ళకు పొర కమ్మి సూదిలో దారం ఎక్కించుకోలేక పని మానేశాడు. ఆయన కాలిమిషను ఇప్పటికీ నూనె వేసి తుడిచి పెట్టినట్టుంటుంది. కొత్తగా షాపు పెట్టే ఒకతను దానికోసం తిరుగుతున్నా, ఎర్రిస్వామి ఇవ్వలేదు. కుల్లాయమ్మ ఒకసారి వచ్చి, ఆ మిషను బల్లమీద అరచెయ్యి పెట్టి ఊరికే నిలబడిపోయిందట. అది చూశాక ఇంకొకరికి ఇవ్వడానికి మనసొప్పలేదన్నాడు. మొత్తం ఒక్కసారే ఇవ్వాల్సిన పని లేదు, చేతనైనంత ఇస్తూ రండి, దర్గా ఉరుసు పండగ నాటికి ముగిస్తే చాలు, అంతకు మించి మాత్రం ఆగలేను, నాకూ కళ్ళ ఆపరేషనుంది అని మౌలాలికి చెప్పాడు. కళ్ళకోసం అమ్ముకుంటున్నవాణ్ణి ఇంకా ఆగమని ఎవరడుగుతారు?

ఆ రోజు నుంచి కుల్లాయమ్మ బేస్తవారాలు ఒక్కపొద్దు పట్టింది. పొద్దుటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టేది కాదు. సాయంకాలం దర్గాకు పోయి, అక్కడ పెట్టే అన్నంతో ఒక్కపొద్దు విడిచేది.

మౌలాలి కూడా ఊరుకోలేదు. డబ్బు దాచడానికి మట్టి ముంత తెచ్చి మంచం కింద పెట్టాడు. స్నేహితుడి చెల్లెలి పెళ్ళిలో అందరికంటే తక్కువ చదివించడానికి మనసొప్పక ముంత పగలగొట్టాడు. ఇంకొకటి తెచ్చాడు. దాంట్లో వెయ్యడానికి ఏ రాత్రీ ఏమీ మిగల్లేదు. కొంచెం కొంచెం ఇస్తే ఏం మర్యాద, ఒక్కసారే గట్టిగా తీసుకుపోయి ఎర్రిస్వామి చేతిలో పెడతానని కొన్నాళ్ళు అన్నాడు. చూస్తుండగానే ఉరుసు దగ్గరికొచ్చింది. ఒకనాడు బజారులో ఎర్రిస్వామి మౌలాలి గొంతు గుర్తుపట్టి ఆపాడు. ఇప్పుడు మొదలుపెట్టినా గట్టెక్కుతారు నాయనా, ఇంకా ఆలస్యం చేస్తే నా చేతిలో లేదు అన్నాడు. ఆ మాటకు మౌలాలికి ఏడుపొచ్చింది. హోటలు ముందునుంచి పోతూ కళ్ళు తుడుచుకుంటుంటే లోపలినుంచి పిలిచారు. పోయాడు. టీ తాగాడు. అందరికీ డబ్బులు తనే ఇచ్చాడు.

ఆ మరుసటి రోజు వన్నూరుతాత దగ్గరికి పోయాడు.

పత్తికొండ దారిలో, ఊరికి కొంచెం ఎడంగా, గుట్టమీద దర్గా. దాన్ని చూసుకునే మనిషి వన్నూరుతాత. వయసులో ఉండగా ఊరూరా తిరిగి దూదేకి పరుపులు కుట్టినవాడు. ఇప్పుడు పొద్దున లేచి వాకిలి చిమ్ముకుంటాడు, వచ్చినవాళ్ళ మాట వింటాడు, ఎక్కువ మాట్లాడడు. హిందువులూ తురకలూ అని లేదు, మనసు బాగాలేని ప్రతివాడూ ఆ గుట్ట ఎక్కుతాడు. మౌలాలి పెళ్ళికి ముందే ఆయన దగ్గర ఉపదేశం తీసుకున్న శిష్యుడు.

మౌలాలి తన గోడంతా వెళ్ళబోసుకున్నాడు. ముంత సంగతి, ఎర్రిస్వామి సంగతి, ఉరుసు గడువు. తన జాతకంలోనే డబ్బు నిలిచే గీత లేదేమోనని అనుమానపడ్డాడు. ఎవరో దిష్టి పెట్టారని ఇంకో అనుమానం. చివరికి అడిగాడు.

"డబ్బు నిలిచేటట్టు తాయెత్తేదన్నా కట్టు తాతా."

తాత నవ్వలేదు. కాదనీ అనలేదు. "బేస్తవారం మధ్యాహ్నానికే రా. ఈసారి వడ్డన నీది" అన్నాడు.

దర్గాలో ప్రతి బేస్తవారం వచ్చినవాళ్ళందరికీ కుస్కా అన్నం వండి పెడతారు. వండేది ఎవరైనా, గంటె పట్టేది మాత్రం తాతే. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా లేచొచ్చి వడ్డిస్తాడు. ఆ గంటె తనకిస్తున్నాడంటే తాయెత్తు కంటే పెద్దదే కదా అనుకున్నాడు మౌలాలి. ఆ సాయంత్రం హోటల్లో ఆ కబురు చెప్పకుండా ఉండలేకపోయాడు. మా మౌలాలి వడ్డిస్తుంటే మేం రాకపోవడమేంటని బల్లచుట్టూ ఉన్నవాళ్ళంతా బయల్దేరతామన్నారు. ఆ సంతోషానికి ఇంకో విడత టీ చెప్పాడు.

బేస్తవారం వచ్చింది. గుట్టమీద ఎన్నడూ లేనంత జనం. పెద్ద గుండిగ నిండా కుస్కా పొగలు కక్కుతోంది. ఫాతెహా చదవడం అయ్యింది. జనం వరసల్లో కూర్చున్నారు. తాత గంటె తెచ్చి మౌలాలి చేతికిచ్చాడు. దాంతోపాటు మూత ఉన్న సత్తుగిన్నె ఒకటి అతని పక్కన పెట్టాడు.

ఆ గిన్నె సంగతి అక్కడికి వచ్చే అందరికీ తెలుసు. దాన్ని వెనకొచ్చేవాళ్ళ గిన్నె అంటారు. తాత ఏ ఆకులోనూ మెతుకు వెయ్యకముందే ఆ గిన్నె నింపి మూత పెట్టి పక్కన ఉంచుతాడు. తర్వాత ఎంతమంది వచ్చినా, గుండిగలో ఎంత తక్కువ పడినా, దాని మూత తియ్యడు. కొందరు సణిగేవాళ్ళు కూడా, ఎదురుగా ఉన్నవాళ్ళకు సరిపోకుండా రానివాళ్ళకు దాచడమేంటని. తాత విననట్టు ఉండేవాడు. పొద్దు గుంకేలోపల ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. బస్సు తప్పిపోయినవాళ్ళు, దారినపోయే ఫకీరు, కూలిపని వదిలేసరికి ఆలస్యమైన ఆడవాళ్ళు. వచ్చినవాళ్ళు వేడి చల్లారినా కడుపునిండా తినేవాళ్ళు.

"ఇది కూడా ఈపొద్దు నీదే" అన్నాడు తాత గిన్నె చూపించి. పోయి గోడవారగా కూర్చున్నాడు.

మౌలాలి గంటె ముంచాడు. గిన్నె వైపు చూశాడు. ఎదురుగా వరసలో తన హోటలు జతగాళ్ళంతా ఖాళీ ఆకుల ముందు కూర్చుని తనవైపే చూస్తున్నారు. కూర్చున్నవాళ్ళ ఆకులు ఖాళీగా ఉండగా రానివాళ్ళకు ముందు తీసిపెట్టడానికి అతనికి మొహం చెల్లలేదు. చూసేవాళ్ళు ఏమనుకుంటారు, మౌలాలికి చెయ్యి రాదనుకోరూ? అయినా గుండిగ చూస్తే ఎంత లోతుంది, ఊరంతా తిన్నా అడుగు కనపడదు.

"మిగిలిందాంట్లో నింపుతాలే తాతా" అన్నాడు.

తాత తలూపాడు.

ఇక చూడాలి మౌలాలి వడ్డన. ఒక్క గంటె చాలన్నవాడికి రెండు వేశాడు. వద్దని ఆకుమీద చేతులు అడ్డం పెట్టినవాడికి వేళ్ళ సందుల్లోంచి వేశాడు. వడ్డనంటే ఇదిరా, తాత చెయ్యి కొంచెం బిగువు అని ఎవరో అన్నారు. మౌలాలి సిగ్గుపడుతూనే ఆ అన్నవాడికి ఇంకో గంటె వేశాడు. జతగాళ్ళు పోటీలు పడి పిలిచారు, మౌలాలప్పా ఇటు, మౌలాలప్పా ఇటు అని. పిలిచినవైపల్లా పోయాడు. తిన్నంత తిని, తినలేనిది ఆకుల్లోనే వదిలేసి, చేతులు కడుక్కుని, అతని భుజం తట్టి గుట్ట దిగిపోయారు.

మధ్యలో రెండు మూడుసార్లు గిన్నె కంటపడింది. ఈ వరస కానీ అనుకున్నాడు ఒకసారి. ఈ పిల్లలకు పెట్టినాక అనుకున్నాడు ఇంకోసారి. తర్వాత గంటె అడుగుకు తగిలింది. గుండిగ వంచి గీకాడు. ఆఖరి ఆకులో పడింది మాడే. ఆ మాడు తిన్నవాళ్ళు కూడా రుచిగా ఉందనే అన్నారు. మౌలాలికి ఒళ్ళంతా చెమట, మనసంతా తృప్తి. జీవితంలో అంత మంచిరోజు ఇంకోటి లేదనిపించింది.

అప్పుడు వచ్చింది కుల్లాయమ్మ.

ఆమె వస్తుందని అతనికి తెలియదా? తెలుసు. ప్రతి బేస్తవారం వస్తుంది. ఈరోజు షాపుకు ఇవ్వాల్సిన చొక్కాలున్నాయని, గుండీలు కుట్టి ఇచ్చి వచ్చేసరికి పొద్దు వాలుతుందని పొద్దున్నే చెప్పింది కూడా. బస్సు దొరక్క నడిచే వచ్చినట్టుంది, కాళ్ళు మోకాళ్ళదాకా దుమ్ము. పొద్దుటి నుంచి పచ్చిగంగ తప్ప ఏమీ లేదు. దర్గా గడపకు మొక్కుకుంది, మూలనున్న కట్టలోంచి ఆకొకటి తీసుకుని, నీళ్ళు చల్లి తుడిచి, ముందు వేసుకుని కూర్చుంది. వడ్డించేది తన మొగుడని చూసి నవ్వింది. ఎంతైనా మొగుడు గంటె పట్టుకుని నిలబడ్డాడు, ఆడదానికి గర్వంగా ఉండదా?

మౌలాలి గంటె పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

ఆమె గుండిగ చూసింది. మూత పక్కన పడి ఉన్న గిన్నె చూసింది. తుడిచినట్టు మెరుస్తోంది. మొగుడి మొహం చూసింది. చూసి, ఒక్క క్షణం కూడా ఆగకుండా, ముందున్న ఆకు మెల్లగా మడిచేసింది.

"పోనీలే, నాకంత ఆకలిగా లేదులే" అంది.

ఆ గొంతు మౌలాలికి తెలుసు. ప్రతి రాత్రీ తను చెప్పులు విడిచేటప్పుడు కిటికీ దగ్గరనుంచి వచ్చే గొంతే. ఇన్నాళ్ళూ దాన్ని సర్దుకుపోయే గుణం అనుకున్నాడు. ఆకులు ఎత్తేవాళ్ళు సగం తిన్న ఆకుల్ని గంపలో వేసుకుని అతని పక్కనుంచే పోయారు. గంపనిండా అన్నమే.

తాత లేచాడు. లోపలికి పోయి, మొక్కుబడికి వచ్చిన బొరుగులూ బెల్లం కొంగులో పట్టేటన్ని తెచ్చాడు. "ఒక్కపొద్దు దీంతో విడువు తల్లీ" అని కుల్లాయమ్మ ముందు పెట్టాడు. వడ్డన అయ్యేదాకా ఆయన కూడా తినడు కాబట్టి తనకూ ఒక పిడికెడు ఉంచుకుని, ఆమెకు కొంచెం దూరంలో కూర్చుని నమలసాగాడు. పళ్ళు లేని నోరు, చాలాసేపు పట్టింది. మౌలాలికి తినమని ఎవరూ చెప్పలేదు.

ఎంతసేపటికీ తాత ఏమీ అనకపోయేసరికి మౌలాలే నోరు తెరిచాడు. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది అతనికి.

"గుండిగ నిండా ఉండె తాతా. నేనేం దాచుకోలేదు. వచ్చినోళ్ళకంతా పెట్టినా. ఎవురికీ లేదనలేదు."

తాత నోట్లోది మింగి అతనివైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో.

"ఒకరికి అన్నావు కదప్పా."

అంతే. మళ్ళీ బొరుగులు నమలడంలో పడ్డాడు. మౌలాలి గుండిగ పక్కన చతికిలబడిపోయాడు. గంటె చేతిలోంచి ఎప్పుడు జారిందో అతనికి తెలియదు. తాయెత్తు సంగతి అడగలేదు, తాతా ఎత్తలేదు. చీకటి పడకముందే మొగుడూ పెళ్ళాం గుట్ట దిగారు. ఓపిక లేక ఆమె మెల్లగా, మొహం చెల్లక అతను నాలుగడుగులు వెనకగా.

మరునాడు సాయంత్రం షాపులో కూలి చేతికొచ్చింది. మౌలాలి జేబులో వేసుకుని బయటపడ్డాడు. హోటల్లోంచి పిలుపు రానే వచ్చింది. నిన్నటి వడ్డన గురించి గొప్పగా చెప్పుకుంటున్నారు వాళ్ళు, రా కూర్చో అన్నారు. అతని కాళ్ళు అలవాటు చొప్పున అటు తిరిగాయి కూడా. గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"లేదప్పా" అన్నాడు.

డబ్బు లేదనుకున్నారు వాళ్ళు. డబ్బుకేముందిరా, రేపిద్దువు, నీకు అరువు లేదంటారా అన్నారు. అతను మళ్ళీ అదే మాట అన్నాడు. ఆ చిన్న మాట అనడానికి అంత కష్టమవుతుందని అతను అనుకోలేదు, చెవులు కాలిపోయాయి. వెనకనుంచి ఎవరో నవ్వారు, మౌలాలికి ఏదో గాలి సోకిందని. సోకితే సోకిందని నడిచాడు. వీధి చివరిదాకా తలెత్తలేదు.

ఇంట్లో కుల్లాయమ్మ కిటికీ కింద కూర్చుని ఉంది. వెలుతురు పోతోందని తొందర తొందరగా కుడుతోంది. మౌలాలి చెప్పులు విడిచాడు. ఎప్పుడూ అనే మాట అనలేదు. జేబులో ఉన్నదంతా తీసి ఆమె ఒళ్ళో ఉన్న చొక్కామీద పెట్టాడు.

ఆమె చెయ్యి ఆగింది. డబ్బు చూసింది, మొగుణ్ణి చూసింది. మొహం పాలిపోయింది.

"పని తీసేసినారా?" అంది. "లెక్క తేల్చి పంపించేసినారా ఏం?"

మౌలాలికి మొదట ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెప్పుతో కొట్టినట్టయింది. ఇన్నేళ్ళ కాపురంలో తన ఒక్కరోజు కూలి ఎంతో ఆమెకు తెలియదు. తెలిసే అవకాశమే తను ఇవ్వలేదు. అదేం కాదు, ఇది ఈ ఒక్కరోజు కూలేనని చెప్పాడు. దాన్ని రేపు ఎర్రిస్వామికి ఇద్దామన్నాడు.

కుల్లాయమ్మ ఆ డబ్బును కాసేపు చూస్తూ కూర్చుంది. సంతోషమో, ఇన్నాళ్ళ కోపమో, కళ్ళు నిండాయి. సూదిని చొక్కాకు గుచ్చి పక్కన పెట్టింది. డబ్బు కొంగున ముడేసుకుని లేచింది.

"రేపెందుకు?" అంది. "ఆయన ఇంకా పడుకోనుండడు."

మౌలాలి పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఆమె చెప్పులు తొడుక్కుని కోటవీధి వైపు నడిచింది. అతను గడపలో నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఆమె అంత వేగంగా నడవగలదని అతనికి ఆ రోజే తెలిసింది.